చలికాలంలో మాల్టా వెళ్తున్నారా? సూట్‌కేస్ సర్దే ముందు ఈ అపోహలు వదిలించుకోండి

నేను హైదరాబాద్‌లో ఉండి యూరప్ ట్రిప్పులు ప్లాన్ చేసిపెడుతుంటా. మధ్యధరా సముద్రంలోని ద్వీప దేశం మాల్టా అంటే కొంచెం ఎక్కువ ఇష్టం, అందులోనూ నవంబర్ నుంచి మార్చి మధ్య, జనం పల్చగా ఉండే రోజుల్లో. కాకపోతే ఆ నెలల్లో వెళ్ళేవాళ్ళు దాదాపు అందరూ ఒకే లెక్క తప్పుతున్నారు, చలికి రెడీ అవుతారు గానీ గాలికీ తడికీ అవ్వరు.

అపోహ: మెడిటరేనియన్ కదా, చలేం ఉంటుంది!

వాస్తవం: వెదర్ యాప్‌లో చూస్తే నిజమే అనిపిస్తుంది. జనవరిలో పగలు 15, 16 డిగ్రీలు, రాత్రి 9, 10. మన ఆదిలాబాద్‌లో డిసెంబర్ తెల్లారుజాము ఇంతకన్నా చల్లగా ఉంటుంది. కానీ అక్కడ చలి వీధిలో కన్నా ఇంట్లోనే ఎక్కువండి. ఇళ్ళన్నీ ఎండాకాలం వేడిని ఆపడానికి సున్నపురాయితో కట్టినవి, నేలంతా టైల్స్, చాలా ఇళ్ళకి సెంట్రల్ హీటింగ్ ఉండదు, దానికి తోడు సముద్రపు తేమ. నేను మొదటిసారి ఫిబ్రవరిలో వెళ్ళి రాజధాని వాలెట్టాలో ఒక పాత ఫ్లాట్ అద్దెకి తీసుకున్నా, ఆరేసిన సాక్సులు మూడో రోజుకి కూడా ఆరలేదు, దుప్పటి ముట్టుకుంటే నిమ్ముగా తగిలేది, జాకెట్ వేసుకునే పడుకున్నా. అందుకే చెప్తున్నా, మంచు ప్రాంతాలకి వేసుకునే బరువు కోటు వద్దు. లోపల పల్చటి థర్మల్, మీద ఫ్లీస్, ఆ పైన గాలి దూరని రెయిన్ జాకెట్, రూమ్‌లోకి మందపాటి సాక్సులు, చెప్పులు. రూమ్ బుక్ చేసే ముందు ఓనర్‌కి మెసేజ్ పెట్టి హీటర్ ఉందా, ఏసీలో హీటింగ్ వస్తుందా, కరెంటు బిల్లు విడిగా అడుగుతారా అని కనుక్కోండి.

అపోహ: వానకి గొడుగు చాలు.

వాస్తవం: మొదటి గంటలోనే తిరగబడిపోద్ది. వాయవ్యం నుంచి కొట్టే గాలిని వాళ్ళు మజ్జిస్ట్రాల్ అంటారు, ఈశాన్యం నుంచి వచ్చేదాన్ని గ్రిగాల్ అంటారు. అక్కడి తుఫాన్ల బలం ఎంతంటే, మాల్టాలోని రెండో పెద్ద దీవి గోజోలో అజూర్ విండో అనే పెద్ద రాతి తోరణం ఉండేది, ఫొటోల్లో చూసే ఉంటారు, 2017 మార్చి 8న తుఫాను అలలకి మొత్తం కూలి సముద్రంలో కలిసిపోయింది. టోపీ ఉన్న జాకెట్టే శరణ్యం. ఇంకోటి, షూస్. వాలెట్టా వీధుల్లో మెట్లు అరిగి అరిగి నున్నగా ఉంటాయి, నాలుగు చినుకులు పడ్డాయంటే జారుడే, అడుగున గ్రిప్ చూసుకుని కొనండి.

అపోహ: గోజో చివరి రోజు పెట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: నేను గట్టిగా కాదనేది దీన్నే. గుంటూరు నుంచి వచ్చిన ఒక జంట నా మాట కాదని చివరి రోజే పెట్టుకున్నారు, ఆ పొద్దున వాలెట్టా నుంచి వెళ్ళే ఫాస్ట్ ఫెర్రీ గాలికి రద్దయింది, పాపం గోజో చూడకుండానే ఫ్లైట్ ఎక్కారు. గోదావరి పోటు మీదుంటే పాపికొండల లాంచీలు ఆపేస్తారు కదా, ఇదీ అంతే, కొమినో అనే చిన్న దీవికి వెళ్ళే పడవలు, బ్లూ గ్రోటో సముద్రపు గుహల పడవలు కూడా ఆ రోజు సముద్రం ఎలా ఉంటే అలా. గోజోని రెండో రోజో మూడో రోజో పెట్టుకుని, దానికి బదులు మార్చుకోడానికి వీలున్న ఒక మ్యూజియం రోజు పక్కన ఉంచుకోండి. ఫాస్ట్ ఫెర్రీ ఆగినా మాల్టా ఉత్తర కొసలోని చిర్కెవ్వా రేవు నుంచి కార్లు ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ చాలావరకు నడుస్తూనే ఉంటుంది, 25 నిమిషాల ప్రయాణం. వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటారు, కంగారు పడకండి. డిసెంబర్‌లో ఐదు కాకముందే పొద్దు గూకుతుంది, కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి.

అపోహ: ఆఫ్ సీజన్‌లో ముందు బుకింగ్ దేనికి?

వాస్తవం: హోటల్‌కి అవసరం లేకపోవచ్చు. హల్ సఫ్లీని హైపోజియం అనే భూగర్భ సమాధులకి మాత్రం రోజుకి 80 మందినే పంపిస్తారు, సీజన్‌తో పనిలేదు, వారాల ముందే టికెట్లు అయిపోతాయి. వీసా కన్ఫర్మ్ అవగానే నేను చేసే మొదటి పని ఇదే. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన పెద్ద పెయింటింగ్ ఉండే వాలెట్టాలోని చర్చి సెయింట్ జాన్స్ కో-కెథీడ్రల్‌ని ఆదివారం టూరిస్టులకి తెరవరు, సన్న హీల్స్‌తో లోపలికి రానివ్వరు, కింద నేలంతా పాలరాతి సమాధి ఫలకాలే మరి.

అపోహ: యూరప్ అడాప్టర్ ఉందిగా.

వాస్తవం: పనికిరాదు. బ్రిటన్‌లో వాడే మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల ప్లగ్గే అక్కడా. మన మూడు గుండ్రటి పిన్నులూ పట్టవు.

అపోహ: ఏప్రిల్‌లో ఎండ బాగుంటుంది కాబట్టి ఈత కొట్టొచ్చు.

వాస్తవం: సముద్రం ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది. ఏప్రిల్ నీళ్ళు 16 డిగ్రీల దగ్గర ఉంటే, నవంబర్ మొదట్లో 20 దాటే ఉంటాయి. ఈతే ముఖ్యమైతే నవంబర్ మొదటి వారం వెళ్ళండి.

అపోహ: చలికాలం అన్నీ మూసేస్తారు, చూడ్డానికేం ఉండదు.

వాస్తవం: శాంతోరిని లాంటి గ్రీకు దీవుల్లో చాలా హోటళ్ళు నిజంగానే మూసేస్తారు. మాల్టాలో 5 లక్షల పైచిలుకు జనం ఏడాదంతా బతుకుతారు, బస్సులు తిరుగుతాయి, పొద్దున్నే పాస్టిట్సీలు అనే పొరల పఫ్‌లు వేడి వేడిగా దొరుకుతాయి, మనకి నచ్చేది బఠాణీ ముద్ద పెట్టింది. ఎండాకాలం వెళ్తే రాయలసీమ మే నెలలా ఎండిపోయిన గట్లు, నాగజెముడు కనిపిస్తాయి. జనవరి ఫిబ్రవరిలో అదే నేల పచ్చగా అయి, రాతి గోడల వెంబడి మన పులిచింత జాతిదే ఒక మొక్క పసుపు పూలు విరగబూస్తుంది, కాడ కొరికితే అదే పులుపు. గోజోలో జ్గంతీయా అనే రాతియుగపు గుడి దగ్గర ఆ పూల మధ్య నేను ఒక్కడినే అరగంట కూర్చున్నా. జులైలో ఆ చోట నీడ కోసం వెతుక్కోవాలి.