పొడుగు కోసం బాస్కెట్‌బాల్‌లో చేర్చే తల్లిదండ్రులకు

వేసవి సెలవులు వచ్చాయంటే మా కోర్టు గేటు దగ్గర ఒకటే ప్రశ్న. "సార్, ఆర్నెల్లు ఆడితే మావోడు ఎంత పొడుగైతాడు?" కొడుకును రింగు స్తంభానికి ఆనించి నిలబెట్టి, తల దగ్గర పెన్సిలుతో గీత గీసిపోయిన తండ్రి కూడా ఉన్నాడు. మూడు నెలల తర్వాత వచ్చి కొలుచుకుని, తేడా లేదని పిల్లాణ్ణి మాన్పించాడు. అనంతపురంలో పిల్లలకు ఈ ఆట నేర్పుతూ చాలా ఏళ్లయింది. దెబ్బలు తగిలి ఆట మానేసినవాళ్ల కంటే ఈ ఎత్తు గొడవతో మానేసినవాళ్లనే ఎక్కువమందిని చూశాను.

అపోహ: బాస్కెట్‌బాల్ ఆడితే ఎత్తు పెరుగుతారు.

పెరగరు. ఎముక పొడవు పెరిగేది దాని చివర్లలో ఉండే గ్రోత్ ప్లేట్ల దగ్గర. ఎంత పెరగాలన్నది చాలావరకు అమ్మానాన్నల నుంచే వస్తుంది. మిగతాది తిండి, నిద్ర, ఆరోగ్యం. ఎంత గెంతినా, రాడ్డు పట్టుకుని ఎంతసేపు వేలాడినా ఎముక సాగదు. మరి టీవీలో ఆడేవాళ్లంతా పొడుగ్గా ఉంటారే అంటారా? పొడుగ్గా ఉన్నవాళ్లను ఏరుకుంటారు కాబట్టి అలా కనిపిస్తారు.

ఒక అంచనా కావాలంటే అమ్మ ఎత్తు, నాన్న ఎత్తు సెంటీమీటర్లలో కలపండి. అబ్బాయైతే 13 కలిపి, అమ్మాయైతే 13 తీసేసి, రెండుతో భాగించండి. నాన్న 168, అమ్మ 153 అయితే కొడుకు 167 దగ్గర ఉంటాడు. ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు అటూ ఇటూ కావచ్చు. పొడుగు పెంచుతామని అమ్మే పొడులకు, మాత్రలకు పెట్టే డబ్బుతో పిల్లలకు గుడ్లు, పాలు, ఉడికించిన బుడ్డలు (వేరుశనగ కాయలు) పెట్టండి.

అపోహ: పొట్టివాళ్లకు ఈ ఆట పనికిరాదు. పొడుగుంటే చాలు.

పిల్లల్ని ఎక్కువగా ముంచేది ఇదే. ఆడపిల్లలు సాధారణంగా 11-12 ఏళ్లకు, మగపిల్లలు 13-14 ఏళ్లకు ఒక్కసారిగా ఎదుగుతారు. అదీ అందరికీ ఒకే ఏడాది రాదు. కొందరికి రెండేళ్లు ముందు, కొందరికి రెండేళ్లు వెనక. అండర్-13 జట్టులో అందరికంటే పొడుగ్గా ఉన్నవాడు చాలాసార్లు ముందుగా ఎదిగినవాడు, అంతే. రేపు కూడా వాడే పొడుగ్గా ఉంటాడని ఎవరూ చెప్పలేరు.

నేను కొత్తలో చేసిన తప్పు చెబుతాను. నా మొదటి జట్టులో ఒకడు పన్నెండేళ్లకే 5 అడుగుల 7 అంగుళాలు. వాణ్ణి రింగు కింద నిలబెట్టాను. మిగతావాళ్లు బంతి పైకి అందించడం, వాడు చేయెత్తి వేయడం. ఊళ్లో ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచాం. మూడేళ్లలో వాడి చేత ఒక్కసారి కూడా బంతి హాఫ్ కోర్టు దాటించలేదు. పదిహేనేళ్లకు వాడు 5 అడుగుల 9 అంగుళాల దగ్గర ఆగిపోయాడు. తోటివాళ్లు దాటేశారు. సెలక్షన్లలో గార్డుగా, అంటే బంతిని ముందుకు తెచ్చేవాడిగా ఆడమన్నారు. ఎడమచేత్తో డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ నడపడం) రాదు, దూరం నుంచి షాట్ రాదు. ఆ సాయంత్రం బూట్లు విప్పి సంచిలో పెట్టుకుని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఇప్పటికీ క్లాక్ టవర్ దగ్గర కనబడితే బండి ఆపి "బాగున్నారా సార్" అంటాడు. నాకు మాట రాదు.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాడు ఆంథొనీ డేవిస్ సంగతి చూడండి. హైస్కూల్లో గార్డుగా ఆడుతూ ఉన్నట్టుండి ఎనిమిది అంగుళాలు పెరిగాడు. 6 అడుగుల 10 అంగుళాలైనా చిన్నప్పుడు నేర్చిన బంతి మీద పట్టు పోలేదు. 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. అందరూ అలా అవుతారని కాదు. పన్నెండేళ్లకు టేపు పట్టుకుని పిల్లల దారి తేల్చేయవద్దంటున్నాను.

అందుకే మా దగ్గర పద్నాలుగేళ్ల లోపు ఎవరికీ పొజిషన్ (ఫలానా చోటే ఆడాలని) లేదు. అందరూ బంతి తీసుకురావాలి, రెండు చేతులతో. అందరూ పోస్టులో, అంటే రింగు దగ్గర ఆడాలి. చిన్నపిల్లలకు రింగు పదడుగుల నుంచి ఎనిమిదిన్నరకు దించుతాం, 5వ సైజు బంతి ఇస్తాం. పెద్ద బంతి, ఎత్తు రింగు ఇస్తే నడుము దగ్గర నుంచి విసురుతారు. ఆ అలవాటు మాన్పించడానికి ఏళ్లు పడుతుంది. ప్రతి మ్యాచ్‌లో ప్రతి పిల్లా ఆడాలి. దీనివల్ల ఓడిపోతాం కూడా. "గెలిచే మ్యాచ్ పోగొట్టినారు కదా సార్" అని తల్లిదండ్రులు కోప్పడతారు. వాళ్ల బాధ నాకు తెలుసు, పిల్లలు ఏడుస్తూ ఇంటికొస్తే ఎవరికైనా బాధే. అయినా పద్ధతి మార్చను.

ఎత్తు మేమూ కొలుస్తాం, మూడు నెలలకోసారి. కారణం వేరే. ఒక్కసారిగా పెరుగుతున్న పిల్లలకు మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంది. ఓస్‌గుడ్ ష్లాటర్ అంటారు. అప్పుడు గెంతులు తగ్గించాలి. నొప్పిని ఓర్చుకుని ఆడమనడం ధైర్యం నేర్పడం కాదు. తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.

అపోహ: పెద్దమనిషి అయిన పిల్ల ఆడకూడదు.

ఏం కాదు, ఆడొచ్చు. ఆ వయసు నుంచే ఆడపిల్లలకు మోకాలి లిగమెంటు (ఎముకలను కలిపే పట్టీ) గాయాలు ఎక్కువవుతాయి. గెంతి సరిగ్గా దిగడం నేర్పాల్సిన సమయంలోనే వాళ్లను ఇంట్లో కూర్చోబెడుతున్నాం. నలుగురూ ఏమంటారోనని భయపడే అమ్మలు ఒకరోజు వచ్చి కోర్టు పక్కన కూర్చోండి. అమ్మాయిలు ఎట్లా ఆడుతున్నారో మీరే చూస్తారు.

బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుందన్నది కూడా నిజం కాదు. తెలిసినవాళ్లు పక్కనుండి, తగిన బరువుతో చేయిస్తే మేలే. ఎండలో పరిగెత్తిస్తే గట్టిపడతారన్న మాట మాత్రం ప్రమాదం. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత, అంతే.

చేర్చడానికి వచ్చేటప్పుడు పుట్టినతేదీ కాగితం, నీళ్ల సీసా, కాలికి సరిపోయే బూట్లు తీసుకురండి. ఉబ్బసం ఉన్నా, మోకాళ్ల నొప్పి ఉన్నా ముందే చెప్పండి. వచ్చే ఏడాదికి సరిపోతాయని పెద్ద సైజు బూట్లు కొనవద్దు, చీలమండ బెణుకుతుంది.