చెరిగిపోయిన ఒక్క వరుస: ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ పునరుద్ధరణ వెనుక కథ

2018 ఫిబ్రవరిలో అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే, లేచి నడిచే శవాలు మనుషులను తినే పాత భయానక చిత్రాన్ని పునరుద్ధరించిన రూపంలో బ్లూరే డిస్కుగా విడుదల చేసింది. 2022లో అదే పునరుద్ధరణ, బ్లూరే కన్నా స్పష్టమైన 4కె డిస్కుగానూ వచ్చింది. అప్పటికే ఆ సినిమా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. టీవీల్లో అర్ధరాత్రి వేళ లెక్కలేనన్నిసార్లు వచ్చింది. చవక డిస్కుల గుట్టల్లో ఏళ్ల తరబడి పడి ఉంది. అలాంటప్పుడు దాన్ని మళ్లీ డబ్బు పెట్టి ఎందుకు కొనాలన్న ప్రశ్న సహజమే. అంత విరివిగా దొరికిన సినిమాను అది తీసినవాళ్లు తీసినట్టుగా చూడగలిగినవాళ్లు మాత్రం చాలా తక్కువమంది. ఆ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే 1967 నాటి పిట్స్‌బర్గ్ నగరం దగ్గర మొదలుపెట్టాలి.

అక్కడ జార్జ్ రొమేరో, ఆయన మిత్రులు లేటెంట్ ఇమేజ్ అనే చిన్న సంస్థను నడిపేవారు. బీరు ప్రకటనలు, పిల్లల టీవీ కార్యక్రమానికి చిన్న చిత్రాలు తీయడం వాళ్ల జీవనాధారం. ఒక పూర్తి నిడివి సినిమా తీయాలన్న కోరికతో పదిమంది కలిసి తలా 600 డాలర్లు వేసుకుని ‘ఇమేజ్ టెన్’ పేరుతో 6,000 డాలర్ల పెట్టుబడి పోగుచేశారు. ఆ తర్వాత మరికొందరు చేయి కలపడంతో మొత్తం ఖర్చు సుమారు 1,14,000 డాలర్లకు చేరింది. పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన ఉన్న ఎవాన్స్ సిటీ శ్మశానంలోనూ, త్వరలో కూల్చివేయబోతున్న ఒక పాత ఫామ్‌హౌస్‌లోనూ చిత్రీకరణ సాగింది. నేలమాళిగ దృశ్యాలను తమ ఆఫీసు భవనం కింది భాగంలోనే తీసుకున్నారు. తెర మీద రక్తంగా కనిపించేది చాక్లెట్ సిరప్. శవాలు తినే మాంసాన్ని, పేగులను పెట్టుబడిదారుల్లోనే ఉన్న ఒక మాంసం వ్యాపారి సమకూర్చాడు. నేపథ్య సంగీతం కోసం కొత్తగా ఎవరినీ పెట్టుకోకుండా, అద్దెకు దొరికే రికార్డుల భాండాగారం నుంచి తీసిన ముక్కలను జోడించారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డబ్బు తక్కువైన మాట నిజమే కానీ, పనితనం తక్కువ కాలేదు. వాళ్లు వాడింది 35 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్మ్. దర్శకత్వంతోపాటు కెమెరా, ఎడిటింగ్ కూడా రొమేరో చేతిలోనే ఉన్నాయి. ప్రకటనలు తీసి తీసి, ఏ మొహం మీద ఎంత వెలుగు పడాలో, గోడ మీద నీడ ఎక్కడ ఆగాలో బాగా తెలిసినవాళ్లు వాళ్లు. కథానాయకుడు బెన్ పాత్రకు నల్లజాతి నటుడు డ్యువేన్ జోన్స్‌ను తీసుకున్నారు. స్క్రిప్టులో ఆ పాత్ర ఫలానా జాతివాడని రాసుకోలేదు, పరీక్షించిన వారిలో ఆయనే బాగా చేశాడని ఎంచుకున్నారు. 1968 ఏప్రిల్ 4న రొమేరో, నిర్మాత రస్సెల్ స్ట్రైనర్ పూర్తయిన ప్రింటును కారులో వేసుకుని పంపిణీదారులకు చూపించడానికి న్యూయార్క్ వెళ్తుండగా, నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త రేడియోలో విన్నారు. చివర్లో బెన్ ఆ శవాల చేతిలో కాక, రక్షించడానికి వచ్చిన తుపాకీ గుంపు తూటాకు చనిపోయే ఆ సినిమా కారులో ఉండగానే ఆ వార్త వాళ్ల చెవిన పడింది. తీసినప్పుడు వాళ్లు ఉద్దేశించని అర్థం దానికి ఆనాటి నుంచే అంటుకుంది.

పెద్ద సంస్థలు కాదన్నాక వాల్టర్ రీడ్ ఆర్గనైజేషన్ పంపిణీకి ఒప్పుకుంది. అప్పటికి సినిమా పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. దాదాపు అదే పేరుతో 1964లో మరో చిత్రం వచ్చి ఉండటంతో పేరు మార్చాల్సి వచ్చింది. కాపీరైట్ ప్రకటన పాత పేరున్న ఆ టైటిల్ ఫ్రేము మీదే ఉంది. పాత టైటిల్‌ను తీసి కొత్త టైటిల్‌ను అతికించినప్పుడు ఆ ప్రకటన కూడా పాతదానితోపాటే వెళ్లిపోయింది. కొత్తదాని మీద ఎవరూ మళ్లీ వేయలేదు. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం అప్పటికి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రచురితమైన ప్రతి మీద హక్కుదారు పేరుతో ఆ ప్రకటన ఉండితీరాలి, లేకపోతే రక్షణ లేదు. 1968 అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లోని ఫుల్టన్ థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగిన సినిమా, ఆ విధంగా పుట్టుకతోనే పబ్లిక్ డొమైన్‌లో, అంటే అందరి సొత్తుగా మారిపోయింది. ఆ ఒక్క వరుస ఉండి ఉంటే, నేటి అమెరికా చట్టం ప్రకారం 95 ఏళ్లపాటు, 2063 ఆఖరు వరకు హక్కులు దాన్ని తీసినవాళ్లవే.

తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కింద సినిమా విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది, దానికి టైటిళ్లలో ఏ ప్రకటనా అక్కర్లేదు. అమెరికాలో ప్రకటన ఉండితీరాలన్న నిబంధన 1989 మార్చి 1 నుంచి తొలగింది, కానీ వెనక్కి వర్తించలేదు కనుక ఈ సినిమాకు ఒరిగిందేమీ లేదు.

ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. వీడియో క్యాసెట్ల కాలం వచ్చేసరికి ఈ సినిమా పదుల కొద్దీ చిన్నా చితకా కంపెనీల చేతిలో పడింది. వాటిలో ఏ ఒక్కదానికీ అసలు నెగెటివ్‌తో, అంటే కెమెరాలో తిరిగిన మూల ఫిల్మ్‌తో, సంబంధం లేదు. చేతికి దొరికిన థియేటర్ ప్రింటు నుంచో, టీవీ కోసం తీసిన 16 ఎం.ఎం. ప్రింటు నుంచో ఒక కాపీ, ఆ కాపీ నుంచి ఇంకో కాపీ. ఫిల్మ్ నుంచి ఫిల్మ్‌కు దిగేకొద్దీ నలుపు మరింత చిక్కబడి నీడల్లోని వివరాలను మింగేస్తుంది, తెలుపు వెలిసిపోయి మొహాల మీది గీతలను చెరిపేస్తుంది, మధ్యలో ఉండే బూడిద ఛాయలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. దానికితోడు గీతలు, మరకలు, తెగిన చోట అతుకులు, చెవిలో గరగరలు.

హక్కు పోవడం వల్లే ఆ సినిమా లోకమంతా తిరిగిందనీ, ఆ వ్యాప్తి లేకపోతే జాంబీ సినిమా అనే శాఖే పుట్టేది కాదనీ కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. జాంబీ అన్న పదం సినిమాలో ఎక్కడా వినిపించకపోయినా, మనిషి మాంసం తింటూ గుంపులుగా నడిచే శవం అనే ఊహకు మూలం ఇదే. 2021లో తెలుగు తెర మీదికి వచ్చిన జాంబీలు కూడా ఆ వంశం వాళ్లే. అయితే వ్యాపించింది సినిమాకు నీడ లాంటి కాపీ మాత్రమేనని, ఆ నీడకు కూడా ప్రతిఫలం దాన్ని కన్నవారికి చేరలేదని ఆ లెక్కలో కలపడం న్యాయం. 1986లో రంగులు పూసిన రూపం వచ్చింది. 1990లో మూలబృందమే, కొంత ఆదాయమైనా దక్కాలన్న ఉద్దేశంతో, రంగుల్లో పునర్నిర్మించింది. 30వ వార్షికోత్సవం పేరుతో కొత్త దృశ్యాలు చేర్చిన రూపం కూడా ఒకటి బయటికొచ్చింది. అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో 1999లో చోటు దక్కిన తర్వాత కూడా, దుకాణంలో ఎక్కువగా దొరికేది మసకబారిన కాపీయే. 1990లలో అసలు నెగెటివ్ నుంచి తయారైన లేజర్‌డిస్కు కొంత మెరుగు, అది కొనగలిగినవారు కొద్దిమందే.

అసలు నెగెటివ్ బతికి ఉండటమే ఈ కథలో అదృష్టం. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ స్థాపించిన ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి పునరుద్ధరణకు పూనుకున్నాయి. జార్జ్ లూకాస్ కుటుంబ ఫౌండేషన్, సెలెస్ట్ బార్టోస్ నిధి డబ్బు సమకూర్చాయి. అసలు నెగెటివ్‌ను 4కె స్థాయిలో స్కాన్ చేశారు. 96 నిమిషాల సినిమా అంటే 1,38,000 పైచిలుకు ఫ్రేములు. వాటి మీది దుమ్ము, గీతలు తొలగించాలి, తొలగిస్తూ ఫిల్మ్‌కు సహజమైన సన్నటి రేణువుల నూగును మాత్రం పోనివ్వకూడదు. ఎంత శుభ్రం చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నది యంత్రం చెప్పగలిగేది కాదు. తీసినవాళ్ల కన్ను కావాలి. రొమేరో, సహరచయిత జాన్ రూసో, శబ్దగ్రాహకుడు గ్యారీ స్ట్రైనర్, నిర్మాత రస్సెల్ స్ట్రైనర్ స్వయంగా పర్యవేక్షించారు. 2016లో ఆ మ్యూజియంలోనే తొలి ప్రదర్శన జరిగింది. 2017 జులై 16న రొమేరో కన్నుమూశారు; డిస్కు విడుదలను చూడలేకపోయారు గానీ, సినిమా తన అసలు రూపానికి రావడం చూశారు. డిస్కులో ‘నైట్ ఆఫ్ అనుబిస్’ అన్న తొలినాటి పేరుతో ఉన్న వర్క్‌ప్రింటును (ఎడిటింగ్ దశలో వాడే కాపీని), చిత్రీకరణ నాటి కొంత ముడి ఫిల్మ్‌ను కూడా చేర్చారు.

పాత కాపీలు చూసి చూసి అలవాటైన కంటికి ఈ డిస్కులో మొదట ఆగే చోటు, కిటికీలకు అడ్డంగా మేకులు కొట్టిన చెక్కలు. వాటి మీద ఈనెలు కనిపిస్తాయి, పాత రంగు పెచ్చులు లేచిన జాడ కనిపిస్తుంది. బయట చెట్టు మొదలు మీద పాకే పురుగును ఒక ఆడ శవం తీసి నోట్లో వేసుకునే దృశ్యం ఉంది. పాత కాపీల్లో ఆ చెట్టు ఒక నల్లటి ముద్ద, ఆమె చేసిన పని ఊహించుకోవలసిందే. ఇప్పుడు బెరడు గరుకుతో సహా ఆ పురుగు కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి రెండు నిమిషాలు. బెన్ చనిపోయాక సినిమా కదలడం ఆగిపోతుంది. కొక్కేలు పట్టుకున్న మనుషులు అతని శవాన్ని మంట దగ్గరికి ఈడ్చుకుపోవడం నిశ్చల చిత్రాలుగా ఒకదాని తర్వాత ఒకటి వస్తుంది. ఆ ఫోటోలను ఆనాటి పత్రికల్లో అచ్చయ్యే బొమ్మల్లా, ముతకగా, చుక్కలు చుక్కలుగా కనిపించేటట్టు తీర్చారు. కానీ సినిమా మొత్తం ముతకగా, చుక్కలు చుక్కలుగా ఉన్న కాపీల్లో ఆ తేడా తెలిసేది కాదు. 50 ఏళ్లపాటు చాలామంది ప్రేక్షకులకు అది అప్పటిదాకా నడిచిన బొమ్మకే కొనసాగింపు. పునరుద్ధరించిన రూపంలో మాత్రం, అప్పటివరకు నునుపైన బూడిద ఛాయల్లో ఊపిరి పీల్చిన మనిషి మొహం, తూటా తగిలిన మరుక్షణం నుంచి మర్నాటి పేపర్లో అచ్చయిన బొమ్మగా మారిపోతుంది.