రొమ్ము పునర్నిర్మాణం: క్యాన్సర్ దాక్కుంటుందని ఎవరు చెప్పారమ్మా?

"మేడమ్, రీకన్‌స్ట్రక్షన్ చేయించుకుంటే లోపల క్యాన్సర్ మళ్ళీ వచ్చినా కనపడదటగా?"

వారానికి ఇద్దరైనా అడుగుతారు. చివర ఆ "టగా" ఉంది చూశారూ, అది తోడికోడలుదో పక్కింటావిడదో అయి ఉంటుంది. ప్లాస్టిక్ సర్జన్‌గా నన్ను ఎక్కువ విసిగించిన అపోహ ఇదే.

దాక్కోదు. రొమ్ము తీసేసిన చోట జబ్బు తిరగబెడితే ఎక్కువగా చర్మంలోనో, చర్మం కిందనో వస్తుంది. మేం పెట్టే ఇంప్లాంట్ (సిలికాన్ సంచి) గానీ, పొట్ట నుంచి తెచ్చే కొవ్వు గానీ దాని వెనక ఉంటుంది. గడ్డ ఉంటే చేతికి తగులుతుంది. అలా తెచ్చి పెట్టిన కణజాలంలో (ఫ్లాప్ అంటాం) ఒక్కోసారి కొవ్వే గట్టిపడి గడ్డలా అనిపిస్తుంది. అనుమానముంటే అల్ట్రాసౌండ్, సూది పరీక్ష ఉన్నాయి. జబ్బు తిరగబెట్టడం దాని స్టేజీని, రకాన్ని బట్టి ఉంటుంది, పునర్నిర్మాణం వల్ల పెరగదు.

ఈ ఒక్క మాటకు భయపడి ఒక టీచరమ్మ తొమ్మిదేళ్ళు ఆగారు. పాత కాటన్ చున్నీ మడిచి బ్రాలో కుట్టుకునేవారు. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే ఆ మడత పైకి జరిగేది. అందుకని బోర్డు కింది సగంలోనే రాసేవారట. "వెనక బెంచీ పిల్లలు కనపడట్లేదు టీచర్ అంటే, కళ్ళజోడు పెట్టించుకోండని కసిరేదాన్ని మేడమ్" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడకు పునర్నిర్మాణం ఆపరేషన్ 52 ఏళ్ళకు జరిగింది. కాబట్టి "వయసైపోయింది", "రొమ్ము తీసినప్పుడే చేయించుకోవాల్సింది" అనే రెండు అపోహలూ ఇక్కడితో సరి. షుగర్ అదుపులో ఉందా, గుండె బాగుందా అన్నది చూస్తాం. విమానంలో ఇంప్లాంట్ పేలుతుందా? పేలదు. ఇంప్లాంట్ వల్లే క్యాన్సర్ వస్తుందా? ఇందులో రవ్వంత నిజం ఉంది. గరుకు పైపొర ఉన్నవాటి చుట్టూ చాలా అరుదుగా ఒక లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) వస్తుంది, 2019లో అలాంటి ఇంప్లాంట్లలో ఒక రకాన్ని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఏ రకం పెడుతున్నారో మీ డాక్టర్‌ని అడగండి. రేడియేషన్ పడిన చోట ఇంప్లాంట్ చుట్టూ గట్టిపడే అవకాశం ఎక్కువ, అందుకే అలాంటివాళ్ళకు తరచుగా సొంత కొవ్వు, చర్మం వైపు మొగ్గుతాం.

అవతలి అపోహ కూడా ఉంది, అంతా మునుపటిలాగే అయిపోతుందని. కాదమ్మా. ఆకారం వస్తుంది, స్పర్శ చాలావరకు రాదు. ఒకావిడ జలుబు చేసిందని వేడినీళ్ళ బ్యాగ్ గుండెల మీద పెట్టుకుని నిద్రపోయారు. తెల్లారి లేచి చూసుకుంటే అరచేయంత బొబ్బ. ఇసుమంత నొప్పి తెలియలేదు. అప్పటినుంచి డిశ్చార్జి కాగితం మీద ఎర్ర పెన్నుతో రాస్తున్నాను: కాపడం వద్దు.

పొట్ట నుంచి కొవ్వు తీస్తే ఆరు వారాలు బిందె ఎత్తకూడదు. మంచం మీంచి లేవాలంటే కొన్నాళ్ళు పక్కకు ఒత్తిగిల్లే లేవాలి. బ్రెస్ట్-క్యూ అనే ప్రశ్నావళితో ఆపరేషన్‌కు ముందూ తర్వాతా అడిగి చూసిన అధ్యయనాల్లో, రెండేళ్ళకు రొమ్ము విషయంలో ఎక్కువ తృప్తి చెప్పింది సొంత కణజాలంతో చేయించుకున్నవాళ్ళే. పొట్ట బలం మాత్రం వాళ్ళకు పూర్తిగా పాత స్థాయికి రాలేదు. రెండూ విన్నాకే తేల్చుకోండి.

ఇంకో విచిత్రం. పొట్ట కొవ్వు ఛాతీ మీదికి వచ్చినా దాని బుద్ధి మారదు, మనిషి లావైతే అదీ లావవుతుంది. కూతురి పెళ్ళయ్యాక చెకప్‌కి వచ్చిన టీచరమ్మ నాలుగు కిలోలు పెరిగారు. "పెళ్ళి లడ్డూలు ఇక్కడికీ చేరాయి మేడమ్" అన్నారు.