గినీ కోడి పిల్లల దాణా: వేరుశనగ చెక్క గురించిన అపోహలు, వాస్తవాలు

వానలు మొదలయ్యాక మా పశువైద్యశాలకు నీరసించిన గినీ కోడి పిల్లలను తెచ్చే రైతులు దాదాపు అందరూ ఒకే మాట చెబుతారు: "మాంసకృత్తులకు లోటు లేదండీ, వేరుశనగ చెక్క బాగానే కలుపుతున్నాం." అప్పుడు నేను ముందుగా ఆ చెక్కనే చూపించమంటాను.

అపోహ: వేరుశనగ చెక్క ఉంటే మరేదీ అక్కర్లేదు.

వాస్తవం: గింజల నుంచి నూనె తీశాక మిగిలే ఈ చెక్కలో మాంసకృత్తులు 40 నుంచి 45 శాతం వరకు ఉంటాయన్నది నిజమే. అయితే మాంసకృత్తుల్లో భాగమైన లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు అందులో తక్కువ. మొక్కజొన్నలో, నూకల్లో కూడా లైసిన్ తక్కువే కాబట్టి, వాటిని ఎంత కలిపినా ఆ లోటు తీరదు. పిల్లలు కడుపు నిండా తింటూనే ఎదగవు, ఈకలు సరిగా రావు. లైసిన్ కోసం సోయా చెక్కను ప్రధానంగా వాడాలి. మెథియోనిన్ కోసం కొద్దిగా నువ్వుల చెక్క గాని, ఉప్పు తక్కువగా ఉన్న ఎండు చేపల పొడి గాని కలపాలి.

ఇంతకంటే పెద్ద నష్టం బూజు వల్ల వస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకున్న వేరుశనగ చెక్కే అందుకు కారణమని తేలింది. చెక్కకు పట్టే బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని శాస్త్రవేత్తలు గుర్తించింది ఆ పరిశోధనలోనే. ఎండబెడితే విషం పోతుందని దుకాణాల దగ్గర చెప్పే మాటను దయచేసి నమ్మకండి. ఎండకు బూజు ఎండిపోతుందే తప్ప విషం అలాగే ఉంటుంది, ఉడకబెట్టినా పోదు.

నాటు కోడి కింద గుడ్లు పొదిగించి పిల్లలను సాకుతున్న ఒక అమ్మ, చనిపోయిన పిల్లలతో పాటు చెక్క ముక్కను కూడా తెచ్చారు. పైకి శుభ్రంగానే కనిపించిన ఆ ముక్కను విరిస్తే లోపల ఆకుపచ్చని పొడి రాలింది. పిల్లను కోసి చూస్తే కాలేయం పసుపు రంగుకు తిరిగి ఉంది. "నా చేత్తో నేనే పెట్టానా?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తప్పు ఆమెది కాదు, ఎండబెట్టి పెట్టమని చెక్క అమ్మినవారిది. అలాంటి చెక్కను పాడి పశువులకు కూడా వేయకండి, ఆ విషం పాలలోకి వస్తుంది.

అపోహ: గినీ కోళ్లు అడవి పక్షులు, నూకలు, పురుగులు తిని బతుకుతాయి.

వాస్తవం: తోటలో తిరిగే పెద్ద పక్షుల సంగతి వేరు. మొదటి 4 వారాలు పిల్లల దాణాలో సుమారు 24 శాతం, తర్వాత 8 వారాల వరకు 20 శాతం మాంసకృత్తులు ఉండాలి. నూకల్లో ఉండేది 7, 8 శాతమే. గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణా కూడా పనికిరాదు, అందులోని ఎక్కువ కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పచ్చి అజొల్లాలో (నీటిపై పెరిగే మేత మొక్క) 90 శాతానికి పైగా నీరే కాబట్టి అది దాణాకు తోడు మాత్రమే.

అపోహ: మాంసకృత్తులు ఎక్కువైతే కాళ్లు పడిపోతాయి.

వాస్తవం: ఈ పుకారు విని చాలామంది మంచి దాణాను ఆపేస్తున్నారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే గూడులో) పరిచిన నున్నటి వార్తాపత్రికలే. వాటిపై కాళ్లు జారి, పక్కలకు చీలిపోతాయి. వాటి బదులు గోనె పట్టా పరచండి.

ఇప్పటికే బూజు చెక్క పెట్టి ఉంటే కంగారు పడకుండా వెంటనే ఆపి, తాజా బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ దాణాకు (మాంసం కోళ్ల చిన్న పిల్లలకు వేసే దాణా) మార్చండి. పిల్ల ఏదైనా చనిపోతే పాతిపెట్టకుండా మంచుగడ్డల మధ్య ఉంచి, చెక్క నమూనాతో సహా అదే రోజు దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకురండి.