కొలిమి కోసం కట్టిన ఊరు: ఐజెన్‌హ్యూటెన్‌ష్టాట్ నేపథ్యం

పోలండ్ సరిహద్దుగా పారే ఓడర్ నది పక్కన, జర్మనీ తూర్పు అంచున ఉన్న ఐజెన్‌హ్యూటెన్‌ష్టాట్ ఉక్కు కర్మాగారంలో బొగ్గు బదులు కరెంటుతో ఉక్కు కరిగించే విద్యుత్ కొలిమి పెట్టే ఆలోచనను ఆర్సెలర్ మిట్టల్ సంస్థ 2025 జూన్‌లో విరమించుకుంది. బ్రెమెన్ నగరంలోని తన మరో కర్మాగారంతో కలిపి ప్రభుత్వం ఇస్తానన్న 130 కోట్ల యూరోల సాయాన్ని కూడా వదులుకుంటూ, కరెంటు ఖరీదు, మార్కెట్ పరిస్థితి అందుకు కారణాలని చెప్పింది. ఆ నిర్ణయం ఊరికి ఎందుకంత బరువో తెలియాలంటే, అక్కడ ఊరిని చూసి కర్మాగారం రాలేదని, కర్మాగారం కోసమే ఊరు కట్టారని గుర్తుంచుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధానంతరం జర్మనీ రెండుగా చీలినప్పుడు రూర్ ప్రాంతపు బొగ్గూ ఉక్కూ పశ్చిమ భాగానికే దక్కాయి. ఇనుము కరువైన తూర్పు జర్మనీలో 1950 జులైలో జరిగిన పాలక పార్టీ మహాసభ, ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్ అనే పాత పట్నం పక్కన భారీ ఇనుప కర్మాగారం కట్టాలని నిర్ణయించింది. ఆ చోట ఖనిజమూ లేదు, బొగ్గూ లేదు. ఉక్రెయిన్‌లోని క్రివోయ్ రోగ్ నుంచి ఖనిజం, పోలండ్ నుంచి కోక్ (బొగ్గును కాల్చి తయారుచేసే ఇంధనం) వస్తాయన్న భరోసా మీదనే 1951 సెప్టెంబరులో ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది.

కార్మికుల కోసం కుర్ట్ లాయిష్ట్ ప్రణాళికతో కొత్త పట్నం లేచింది. పచ్చని పెరళ్ల చుట్టూ ఇళ్లు, వాటి మధ్యనే శిశువిహారాలు ఉంటాయి. ప్రధాన వీధిలో నిలబడితే చూపు తిన్నగా కర్మాగారం వైపే సాగుతుంది. మరో ఊళ్లో గుడో కోటో ఉండే చోట ఇక్కడ కొలుములు కనిపించాలన్నదే కట్టినవారి ఉద్దేశం. స్టాలిన్ మరణించిన రెండు నెలలకు, 1953 మేలో, దీనికి స్టాలిన్‌ష్టాట్ అని పేరు పెట్టారు. 1961 నవంబరులో ఆ పేరు తీసేసి, ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్‌ను కూడా కలిపేసి, 'ఇనుప కొలిమి పట్నం' అనే అర్థం వచ్చే ఇప్పటి పేరు పెట్టారు. తమ ఊరి పేరే చెరిగిపోయిన ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్ వాసుల సంగతి ఈ కథలో తరచు మరుగున పడుతుంది.

కర్మాగారానికి మొదటి నుంచీ ఒక వెలితి ఉండేది. రేకును చల్లగా ఉండగానే పలచగా సాగదీసే కోల్డ్ రోలింగ్ మిల్లు 1968లో, ఉక్కు తయారీ విభాగం 1984లో వచ్చినా, వేడి దిమ్మెలను రేకులుగా సాగదీసి ఆ రెండింటినీ కలిపే హాట్ రోలింగ్ మిల్లు మాత్రం రాలేదు. ఎర్రగా పోతపోసిన ఉక్కు దిమ్మెలను చల్లార్చి, బయటి మిల్లులకు పంపి, రేకుచుట్టలుగా తిరిగి తెప్పించుకుని, మళ్లీ సాగదీయవలసి వచ్చేది. రెండు జర్మనీలు ఏకమయ్యాక, బెల్జియం సంస్థ కాకెరిల్ సాంబ్ర్ కర్మాగారాన్ని తీసుకున్న తర్వాత, 1997లో ఆ మిల్లు వచ్చింది. ఇనుము నుంచి రేకు వరకు అన్నీ ఒకే ఆవరణలోకి చేరేసరికి, వేల ఉద్యోగాలు అప్పటికే పోయాయి.

యాజమాన్యం చేతులు మారుతూ 2006లో, రాజస్థాన్‌లో పుట్టిన లక్ష్మీ మిట్టల్ సంస్థకు దక్కింది. 1980ల చివర 50 వేలు దాటిన జనాభా ఇప్పుడు దాదాపు సగానికి పడిపోయింది, ఖాళీ అయిన అపార్ట్‌మెంట్లను వేల సంఖ్యలో కూల్చారు. కొత్తవాళ్లను రప్పించడానికి, రెండు వారాలు ఉచితంగా ఉండి చూడమంటూ 2025లో పురపాలక సంఘం ఆహ్వానాలు పంపింది. విద్యుత్ కొలిమి ఆగిపోవడంతో, ఆ వచ్చేవారికి ఊరు చూపగల పెద్ద ఉపాధి ఇప్పటికీ కోక్ మీద నడిచే బ్లాస్ట్ ఫర్నేస్‌నే నమ్ముకుని ఉంది.