మార్కర్ దోషం చెప్పేది, చెప్పనిది

మనిషి నడకను కొలిచే ప్రయోగశాలలో కెమెరాలు చూసేది ఎముకలను కాదు, చర్మం మీద అంటించిన మార్కర్లను, అంటే కాంతిని తిప్పికొట్టే చిన్న బంతుల్లాంటి గుర్తులను. వాటి స్థానాలను నేటి పరారుణ కెమెరాలు మిల్లీమీటరుకు లోపు తేడాతో పట్టుకోగలవు. ఆ తరువాత కంప్యూటరులోని అస్థిపంజర నమూనాను, దాని మీది ఊహా మార్కర్లు అసలు మార్కర్లకు వీలైనంత దగ్గరగా వచ్చేలా, ప్రతి క్షణానికీ ఒక భంగిమలో నిలుపుతారు. అప్పటికీ రెండింటి మధ్య మిగిలిపోయే దూరమే మార్కర్ దోషం.

ఈ పనికి విస్తృతంగా వాడే ఓపెన్‌సిమ్ సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలు గరిష్ఠ దోషం 2 నుంచి 4 సెంటీమీటర్ల లోపు, దోషాల వర్గాల సగటుకు వర్గమూలం 2 సెంటీమీటర్ల లోపు ఉండాలంటాయి. ఈ హద్దు అవసరమే. అయితే దోషం హద్దులో ఉంది కాబట్టి నమూనాలోని ఎముక అసలు ఎముక ఉన్నచోటే ఉందనుకోవడం తొందరపాటు. తొడ మీది చర్మం, దాని కింది కండరం కదలికలో ఎముక మీదుగా జారుతాయి. ఆ జారుడు సెంటీమీటర్లలో ఉంటుందని ఎముకలోకి దించిన పిన్నులతోనూ, ఎక్స్‌రే వీడియోలతోనూ చేసిన పరిశీలనలు చూపాయి. తొడ మీది మార్కర్లన్నీ ఒకేవైపు జారితే నమూనా కూడా వాటి వెంటే పోతుంది. అప్పుడు దోషం స్వల్పంగానే కనిపిస్తుంది, భంగిమ మాత్రం తప్పుతుంది.

పైగా ఒకే సెంటీమీటరుకు అన్నిచోట్లా ఒకే విలువ లేదు. 40 సెంటీమీటర్ల తొడకు ఒక చివర మార్కర్ 1 సెంటీమీటరు జరిగితే వచ్చే కోణం తేడా దాదాపు ఒకటిన్నర డిగ్రీ. మోకాలికి రెండు పక్కలా సుమారు 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న మార్కర్లలో ఒకటి అంతే ముందుకు జరిగితే, తొడ ఎముక మెలిక (తన పొడవు చుట్టూ తానే తిరిగే కోణం) దాదాపు 6 డిగ్రీలు మారినట్టు లెక్క వస్తుంది. నడకలో మోకాలు 60 డిగ్రీల వరకు ముడుచుకుంటుంది కాబట్టి ఆ వంపును కొలిచేవారికి ఒకటిన్నర డిగ్రీ పెద్ద నష్టం కాదు. అసలే కొద్ది డిగ్రీలుండే మెలికను కొలిచేవారికి ఆ 6 డిగ్రీలు ఫలితాన్నే మింగేస్తాయి.

కాబట్టి సగటుతో ఆగకుండా ఒక్కో మార్కర్ దోషాన్ని కాలంతో పాటు గీసి చూడాలి. మొదటినుంచి చివరిదాకా ఒకే దిశలో నిలకడగా ఉన్న దోషం నమూనా కొలతల్లోనో, ఊహా మార్కర్ స్థానంలోనో తప్పును సూచిస్తుంది. మడమ నేలను తాకిన ప్రతిసారీ పెరిగి తగ్గేది చాలావరకు కండరం, చర్మం కదలికే. ఒక్కసారిగా ఎగిసిపడితే రెండు మార్కర్ల పేర్లు తారుమారయ్యాయేమో చూడాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ఊహా మార్కర్లను జరిపే దశలో. మనిషిని నిలబెట్టి కొలిచిన భంగిమకు సరిపోయేలా వాటిని జరిపితే ఆ భంగిమలో దోషం దాదాపు మాయమవుతుంది. కానీ అప్పుడు నమూనా మోకాలు పొరపాటున 5 డిగ్రీలు వంగి ఉంటే, ఆ వంపు తరువాతి ప్రతి అడుగులోకీ చేరుతుంది. మార్కర్లను జరపకముందు దోషం ఎంతో, లెక్కలో ఏ మార్కరుకు ఎంత ప్రాధాన్యం ఇచ్చారో ఫలితాలతో పాటు ప్రకటిస్తేనే ఇతరులు ఆ కోణాలను సరిచూడగలరు.