చివరి జబ్బులో మార్చిన వీలునామా: అపోహలు – వాస్తవాలు

నాన్న పోయాక ఆడపిల్లలు భాగం అడుగుతారు. అన్నగారు ఇదిగో అదిగో అంటూ రోజులు నెడతాడు. విసిగి వాళ్లు భాగపంపకాల దావా వేస్తే, అతను కోర్టుకిచ్చే జవాబులో (రిటన్ స్టేట్‌మెంట్‌లో) మొదటిసారిగా ఒక వీలునామా బయటపడుతుంది. తేదీ చూస్తే నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం! సివిల్ కోర్టుల్లో తిరిగే మాకిది కొత్త కథ కాదు. దాన్ని పట్టుకుని వచ్చేవాళ్ల నమ్మకాలే ఒక్కోసారి కేసుకు అడ్డం పడుతుంటాయి.

అపోహ: జబ్బుమనిషి రాసిన వీలునామా చెల్లదు.

జబ్బు వేరు, మతి వేరు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్ చూసేది ఒక్కటే: తానేం చేస్తున్నాడో ఆ మనిషికి ఆ సమయంలో తెలుసా, లేదా. క్యాన్సర్ ముదిరిపోయినా ఏ సర్వే నంబరు ఎవరికో తడుముకోకుండా చెప్పగలిగే మనిషి రాస్తే, ఆ వీలునామాను కదపడం కష్టం. అదే లివర్ పాడయ్యో, సోడియం పడిపోయో పేరడిగితే ఊరు చెప్పే స్థితిలో వేలిముద్ర వేయించుకుంటే సంగతి వేరు. పొద్దున తెలివిగా మాట్లాడిన మనిషే సాయంత్రానికి మగతలోకి జారిపోవచ్చు. అందుకే ఏ రోజన్నది చాలదు, ఏ గంటన్నది కావాలి.

ఆ గంట దొరికేది కేస్ షీటులో. చాలామంది డిశ్చార్జ్ సమ్మరీనో డెత్ సమ్మరీనో తెచ్చి ఇస్తారు. దాంతో పని జరగదు. నర్సులు గంటగంటకూ రాసే చార్టు, మందుల చార్టు కావాలి. స్పృహను కొలిచే గ్లాస్గో స్కేలులో కళ్లకు, మాటకు, కదలికకు విడివిడిగా మార్కులుంటాయి, మొత్తం 15. గొంతులో ట్యూబ్ ఉన్న రోగికి మాట దగ్గర అంకె బదులు ‘టీ’ అని రాస్తారు. వీలునామా మీద సంతకమైందంటున్న వేళకు చార్టు గడిలో ఆ ‘టీ’ ఉండి, కాగితంలో మాత్రం ‘నేను చెప్పగా లేఖరి వ్రాసి, చదివి వినిపించగా’ అని ఉందనుకోండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ లేఖరిని ఏం అడగాలో ఏ జూనియర్ లాయరుకూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. వైద్య వృత్తి నియమావళి (2002) ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యం మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగో, అధీకృత అటెండెంటో, కోర్టో అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మన దావాలు 3 ఏళ్లలో తేలవన్నది తెలిసిందే కదా. కాబట్టి ముందు నకళ్లు తీసుకోండి. ఇవ్వబోమని ఆసుపత్రివాళ్లంటే కనీసం రికార్డు పారేయొద్దని రాతపూర్వకంగా కోరి, తర్వాత కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు.

‘డాక్టర్ సర్టిఫికెట్ జతచేశారు, ఇక మనమేం చేయగలం’ అని నీరుగారిపోయేవాళ్లూ ఉంటారు. ఆ డాక్టరు వైద్యం చేసినాయనేనా, లేక సర్టిఫికెట్ కోసమే వచ్చి వెళ్లినాయనా? బోనెక్కిస్తే తెలుస్తుంది.

అపోహ: అది దొంగదని మేమే రుజువు చేయాలి.

మొదటి బరువు వీలునామా తెచ్చినవాడిదే. సాక్షి సంతకం చేసినవాళ్లలో బతికున్న ఒకరినైనా పిలిచి, చట్టప్రకారమే రాశారని చెప్పించాలి. అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించే పూచీ కూడా అతనిదేనని సుప్రీంకోర్టు 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. ఎప్పుడూ సంతకం చేసే మనిషి వేలిముద్ర వేయడం, లాభం పొందేవాడే లేఖరినీ సాక్షులనూ వెంటబెట్టుకు రావడం, పాత వీలునామా ఊసే లేకపోవడం, కట్టుకున్న భార్యకు కూడా ఏమీ రాయకుండా కారణం చెప్పకపోవడం: ఇలాంటివన్నీ ఆ లెక్కలోకొస్తాయి.

అయితే బలవంతపెట్టారు, మోసం చేశారు అంటే మాత్రం అది మీరే రుజువు చేయాలి. ఒకే ప్లీడింగులో (కోర్టుకిచ్చే వాదనపత్రంలో) ‘సంతకం ఫోర్జరీ’, ‘బెదిరించి సంతకం పెట్టించారు’ రెండూ రాయించుకునేవాళ్లను చూస్తుంటాను. ఆ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

అపోహ: రిజిస్టరైతే తిరుగులేదు.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరే కాదు. చేయిస్తే కొంత బలం, అంతే. కదల్లేని మనిషి దగ్గరికి సబ్‌రిజిస్ట్రారే వచ్చి చేసే వీలుంది. ఆయన వచ్చాడు కాబట్టి అనుమానాలన్నీ తొలగినట్టు కాదు. అలాగే, రిజిస్టరైన పాత వీలునామాను రిజిస్టర్ కాని కొత్తది రద్దు చేయలేదనుకోవడమూ తప్పే. సరిగ్గా రాసిందైతే తెల్లకాగితం మీదున్నా చివరిదే చెల్లుతుంది. ఇంకొక మాట: ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే వీలునామా కనబడదు, అది వేరే పుస్తకంలో, 3వ బుక్కులో ఉంటుంది. రాసిన మనిషి చనిపోయాక ఎవరు దరఖాస్తు చేసినా నకలు ఇస్తారు.

అపోహ: ఇద్దరు సాక్షులూ ఒకేసారి అక్కడ ఉండి తీరాలి.

అక్కర్లేదు. కానీ ఇద్దరూ వీలునామా రాసినాయన ఎదుటే సంతకం చేసి ఉండాలి.

అపోహ: కూతురికి దమ్మిడీ రాయలేదు కాబట్టి చెల్లదు.

స్వార్జితమైతే ఎవరికైనా రాసుకోవచ్చు. అన్యాయం ఒక్కటే కారణంగా కోర్టు కొట్టేయదు, తక్కిన అనుమానాలకు అది తోడవ్వాలి. పిత్రార్జితమైతే ఆయన రాయగలిగేది తన వాటా వరకే, మిగతాదాన్ని వీలునామా తాకదు. ముస్లింల సంగతి వేరు: అప్పులూ అంత్యక్రియల ఖర్చూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాటితే వారసులు ఒప్పుకోవాలి.

అపోహ: కొత్తది పడిపోతే ఆస్తి అందరికీ సమానంగా వస్తుంది.

పాత వీలునామా లేకపోతేనే. కొత్తది చెల్లకపోతే అందులోని ‘పాతది రద్దు’ అన్న మాట కూడా చెల్లదు. ఆయన తెలివిలో ఉండగా పాతదాన్ని చించేయకుండా ఉంటే, రుజువైన మేరకు అదే అమల్లోకొస్తుంది. దావా వేయకముందే దాని నకలు తెప్పించి చదివించుకోండి. కొత్తదానికంటే అందులోనే మీకు తక్కువ రాసి ఉండొచ్చు.